గుమ్మం బయట విప్పిన జోళ్ళు

మొన్న ఆసుపత్రి పాదరక్షల విభాగంలో కొత్తగా చేరిన పిల్లలతో రెండు మాటలు మాట్లాడమని నన్ను పిలిచారు. చేతికి మైకిచ్చారు. ముప్పై ఏళ్ళకు పైగా పీట మీద కూర్చుని తలవంచుకుని పనిచేసినవాణ్ణి, నలుగురి ముందు నిలబడేసరికి నోరు పెగల్లేదు. టీ తాగి, సమోసా తిని, అందరికీ దండం పెట్టి వచ్చేశాను. ఆ రోజు చెప్పాల్సింది ఇప్పుడు భిలాయిలో, వైశాలి నగర్‌లో మా వరండాలో కూర్చుని రాస్తున్నాను. మధ్యలో విసుగొస్తే పేజీలు తిప్పేయండి, నేనేమీ అనుకోను. పైడమ్మగారి సంగతి మాత్రం వదలకండి. అందుకోసమే ఇదంతా.

నా పేరు అప్పారావు. మొదట మార్కెట్లో చెప్పుల షాపులో సేల్స్‌మన్‌ని. తర్వాత ఒక ధర్మాసుపత్రిలో ఫిట్టర్‌ని. స్పర్శ పోయిన పాదాలకు, వేళ్ళు తీసేసిన పాదాలకు కొలతలు తీసి జోళ్ళు చేయడం నా పని. పెళ్ళిళ్ళలో ఎవరైనా "ఏం చేస్తుంటారు?" అని అడిగితే మా ఆవిడ "ఆసుపత్రిలో" అని ఊరుకునేది. నేనే "చెప్పులు చేస్తాను" అనేవాణ్ణి. అవతలివాడి మొహం మారడం చూడ్డం నాకో సరదా.

తల్లా చూడు, మొహం తర్వాత

మా నాన్నది శ్రీకాకుళం జిల్లా, టెక్కలి వైపు. భిలాయి ఉక్కు ప్లాంటులో, బొగ్గు కాల్చే కోక్ ఓవెన్స్‌లో పని. నేను చెప్పుల షాపులో చేరానని తెలిసిన రోజు అన్నం ముందు నుంచి లేచిపోయాడు.

"ఏట్రా, నానక్కడ బట్టీల మీద మాడిపోతంటే, నువ్విక్కడ ఊరోల్ల కాళ్ళట్టుకుని బతుకుతావా?" అన్నాడు.

నిజం చెప్పొద్దూ, నాకూ సిగ్గుగానే ఉండేది. వచ్చినవాడు మన మొహం కూడా చూడకుండా మోకాలి మీద కాలు పెట్టేస్తాడు. మేముండే క్యాంప్ 2 బస్తీవాళ్ళెవరూ ఆ దుకాణానికి రాకూడదని రోజూ మొక్కుకునేవాణ్ణి. మొక్కు ఫలించలేదు. మా బళ్ళో నాతో చదివినవాళ్ళంతా వరసపెట్టి వచ్చారు.

ఆ సిగ్గు పోగొట్టినవాడు బుధ్‌రామ్ ఉస్తాద్. దుర్గ్ అవతల పల్లెటూరు మనిషి. షాపు వెనక చిన్న గదిలో మరమ్మతులు చేసేవాడు. పేరుకు నాకు యజమాని వేరే ఉన్నాడు కానీ నేను యజమానిగా అనుకున్నది ఈయన్నే. నోట్లో ఎప్పుడూ బీడీ, మాటలో ఎప్పుడూ ఎత్తిపొడుపు. మరమ్మతుకొచ్చిన ప్రతి జోడునూ ముందు బోర్లా తిప్పేవాడు. "పహలే తల్లా దేఖ్, చెహరా బాద్ మే," అనేవాడు. తల్లా అంటే జోడు అడుగు. మడమ బయటి అంచు అరిగిందా, లోపలి అంచా, బొటనవేలి కింద గుంట పడిందా అని వేలితో తడిమి, ఆ మనిషి సంగతి చెప్పేవాడు. ఒకసారి ఒక బూటు తిప్పి, "ఇతనికి కుడి మోకాలు నొప్పి, ఇంట్లో చెప్పడం లేదు" అన్నాడు. నేను నవ్వాను. సాయంత్రం ఆ మనిషి బూట్ల కోసం వస్తే ఊరికే అడిగి చూశాను. అతను అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"ఆప్‌కో కిస్నే బతాయా?"

మీకెవరు చెప్పారని అడుగుతున్నాడు. అంతవరకూ నేను అమ్ముతున్నది తోలూ రబ్బరూ అనుకున్నాను. ఒక మనిషి నడిచిన నడకంతా అక్కడ రాసిపెట్టి ఉంటుందని ఆ రోజే తెలిసింది. మర్నాటి నుంచి మొక్కుకోవడం మానేశాను.

ఎడమా కుడీ లేని కాలం

ఉస్తాద్ దగ్గర వాళ్ళ తాత చేసిన ముచ్చెల జత ఒకటి ఉండేది. ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఒకరోజు ఏ మూడ్‌లో ఉన్నాడో నా చేతికిచ్చి, "ఇందులో ఎడమది ఏది?" అన్నాడు. ఎంత తిప్పినా తేలలేదు. రెండూ ఒకటే. ఆ కాలంలో అలాగే చేసేవారట. ఈరోజు ఈ కాలికి వేసుకున్నది రేపు ఆ కాలికి మార్చుకుంటే సమానంగా అరుగుతుంది. తొడగ్గా తొడగ్గా తోలే పాదం ఆకారం నేర్చుకుంటుంది. "లెఫ్ట్ రైట్ తో అభీ అభీ ఆయా హై, బేటా," అన్నాడు, ఎడమా కుడీ నిన్నమొన్న వచ్చినవేనని. తర్వాత నేను పుస్తకాలు తిరగేస్తే, దొరల దేశాల్లోనూ ఓ రెండు వందల ఏళ్ళ కిందటి దాకా బూట్లకు చాలావరకు ఎడమా కుడీ లేవని తెలిసింది. మనిషి చంద్రుడి కళలు లెక్కగట్టాడు, సముద్రాలు దాటాడు, తన రెండు కాళ్ళూ ఒకేలా లేవని ఒప్పుకోవడానికి మాత్రం అంతకాలం తీసుకున్నాడు. ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఆశ్చర్యమే.

ఎత్తు మడమ సంగతి ఇంకా వింత. పారసీక దేశంలో గుర్రపు రౌతులు రికాబులో కాలు జారకుండా మడమ ఎత్తు చేసుకున్నారట. అది చూసి రాజులు మోజుపడ్డారు. వాళ్ళు వదిలేశాక ఆడవాళ్ళు తీసుకున్నారు. తిరిగి తిరిగి మా రోజుల్లో బెల్‌బాటం ప్యాంట్ల కింద మగపిల్లలకే వచ్చి చేరింది. క్యాంప్ 2 కుర్రాళ్ళు ఇటుక మందం అడుగున్న బూట్లు కొని, సైకిలు పెడలు మీద కాలు ఆనక, మా షాపు ముందే దబ్బున పడేవాళ్ళు. లేచి దులుపుకుని, ఎవరూ చూడనట్టే వెళ్ళేవాళ్ళు.

నేనూ నవ్వాను. ఇప్పుడు నవ్వను. మా ఊళ్ళో తండ్రులందరివీ ఒకే రకం బూట్లు. నల్లటివి, ముందు ఉక్కు టోపీ ఉన్నవి, డ్యూటీవి. గుమ్మం ముందు వరసగా పెడితే ఎవరివి ఎవరివో చెప్పలేం. వాళ్ళ పిల్లలు సాయంత్రం వేసుకునే జోడు ఒక్కటే 'ఇది నాది' అనుకోవడానికి మిగిలింది. అందుకే మొన మూతి బూట్లొచ్చాయి, శనివారం సుద్ద పూసిన తెల్ల కాన్వాసు బూట్లొచ్చాయి, నడిస్తే లైట్లు వెలిగే పసిపిల్లల బూట్లొచ్చాయి, ఎప్పుడూ పరుగెత్తనివాళ్ళ కోసం పరుగుల బూట్లొచ్చాయి. ఇప్పుడు నా మనవడు కొత్తవే మాసినట్టున్నవి తెప్పించుకుని, మాసిపోకుండా డబ్బాలో దాచుకుంటున్నాడు. వాణ్ణి ఏమనాలో నాకు తెలియదు. కానీ వాడు డబ్బా మూత తీసేటప్పుడు మొహం చూడండి, అది అబద్ధం కాదు.

ఫ్యాషన్‌ని వెక్కిరించే ఫిట్టరు పనికిరాడు. రోగికి మీరు చేసిన జోడు వికారంగా ఉంటే వేసుకోడు. మందు చేదుగా ఉన్నా మింగుతారు కానీ, నలుగురిలో జాలిగా చూపించే జోడు వేసుకుని ఎవరూ బజారుకు వెళ్ళరు.

చెక్క అడుగులు

నాన్న నాతో సరిగ్గా మాట్లాడని రోజుల్లోనే ఒకసారి షాపుకొచ్చాడు. చంకలో గోనెపట్టా చుట్టిన మూట. విప్పితే రెండు చెక్క అడుగులు, పైన తెగిన పట్టీలు. కోక్ ఓవెన్స్ కప్పు మీద నడిచేవాళ్ళు బూట్ల కింద కట్టుకునేవి అవి. నేను వాటి గురించి వినడమే కానీ చూడలేదు.

ఉస్తాద్ అలవాటుగా బోర్లా తిప్పాడు. అడుగంతా నల్లగా మాడి ఉంది. బీడీ తీసి పక్కన పెట్టాడు. అది నేనెప్పుడూ చూడలేదు. నాన్నకు స్టూలు వేసి, టీ చెప్పి, ఒక్కొక్కటే అడగడం మొదలెట్టాడు.

"రబ్బరైతే కరిగిపోద్ది భయ్యా. ఇనప మేకు ఉంటే ఏడెక్కిపోద్ది. సెక్కొక్కటే నిలబడతాది," అన్నాడు నాన్న. ఇంట్లో నాలుగు మాటలు మాట్లాడని మనిషి గంటసేపు చెప్పాడు. పైకప్పు మీద మూతలు తీసినప్పుడు లేచే మంట, అడుగు మార్చి మార్చి వేయడం, ఒకేచోట నిలబడకూడదనే లెక్క.

పావుకోళ్ళు మునులవి అనుకున్నాను నేను. పూజగదుల్లో, మఠాల్లో ఉండేవి అనుకున్నాను. వేల ఏళ్ళ నాటి ఆ జోడు ఎక్కడికీ పోలేదు. కొత్తగా కట్టిన ఉక్కు ఊళ్ళో, అన్నిటికంటే వేడిచోట, మా నాన్న కాలి కింద ఉంది. నాన్న మీద అప్పుడు పుట్టిన గౌరవం మాటల్లో చెప్పలేను. ఉస్తాద్ పట్టీలు కుట్టి ఇచ్చాడు. నాన్న ఆ తర్వాత నా ఉద్యోగం గురించి ఏమీ అనలేదు. మెచ్చుకోనూ లేదనుకోండి.

నొప్పి లేని పాదం

ఉస్తాద్ చేతులు వణకడం మొదలయ్యాక షాపులో ఉండబుద్ధి కాలేదు. ధర్మాసుపత్రిలో మనిషి కావాలంటే వెళ్ళాను. అక్కడ నాకు చక్కెర జబ్బు చేసే పని కనిపించింది. మెల్లమెల్లగా పాదంలో స్పర్శ పోతుంది. ఒకాయన బూటులో చిన్న బోల్టు పడితే పొద్దున్నుంచి సాయంత్రం దాకా దాని మీదే నడిచాడు. నేను తీసి చూపిస్తే, "ఇది నాదేనా?" అని బోల్టును అడిగినట్టే అడిగాడు. మనం తిట్టుకునే నొప్పి ఎంత పెద్ద కాపలాదారో అక్కడ తెలిసింది. అది లేనివాడికి ఆ కాపలా మనం చేయాలి. మెత్తటి ఎం.సి.ఆర్. రబ్బరు, పుండున్న చోట బరువు పడకుండా గుంట, వెడల్పాటి పట్టీ, ఎక్కడా మేకు లేకుండా అతుకు. ఇవన్నీ మీకు క్లాసులో చెబుతారు. చెప్పనిది ఇప్పుడు చెబుతాను.

పైడమ్మగారు

పలాస వైపు నుంచి కోడలిగా వచ్చి క్యాంప్ 2లోనే ముసలిదైన మనిషి. భర్త ప్లాంటు రైల్ మిల్లులో చేసి రిటైరయ్యాడు. మనవరాలు రేణు కాలేజీ పిల్ల, ఆవిణ్ణి ఆటోలో తీసుకొచ్చేది. కుడి బొటనవేలి మొదట్లో, అడుగున పుండు. డాక్టరుగారు మొహమాటం లేకుండా చెప్పారు. రెండు మూడు నెలల్లో మానకపోతే వేలు తీసేయాలి, పైకి పాకితే ముందు పాదం కూడా పోతుంది.

నేను నా చేతిలో ఉన్న విద్యంతా పెట్టి చేశాను. గోధుమరంగు తోలు, లోపల మూడు పొరలు, పుండు కింద లెక్కగా తీసిన గుంట. అంత మంచి జోడు నేను అంతకుముందు చేయలేదు, తర్వాతా చేయలేదు.

"ఓలమ్మా! పెళ్ళికూతురి జోళ్ళలాగున్నాయి బాబూ," అంది ఆవిడ మురిసిపోతూ.

నెల తర్వాత వచ్చింది. పుండు అలాగే ఉంది. రెండో నెలా అంతే. నేను జోళ్ళు బోర్లా తిప్పాను. అడుగు అద్దంలా ఉంది, గీత పడలేదు. అక్కడున్న కుర్రాళ్ళకు చూపించి, "చూశారా, పని అంటే ఇది. రెండు నెలలైనా అరగలేదు," అన్నాను. మళ్ళీ ఆవిడ వైపు తిరిగి గదిమాను.

"నడవొద్దంటే వినడం లేదు మీరు. తెగ తిరుగుతున్నారు. అందుకే మానడం లేదు."

"నేదు బాబూ. నాను ఇంటికాడే ఉంతన్నాను. నమ్ము," అంది తలొంచుకుని.

నా బుద్ధి ఏ గడ్డి తిన్నదో చూడండి. అడుగు అరగలేదని గర్వపడ్డాను, అదే నోటితో తెగ తిరుగుతున్నావని తిట్టాను. రెండూ ఒకచోట నిలబడవు కదా! తల్లా చూడమని నేర్చుకున్నవాణ్ణి, తల్లా చూసి కూడా నన్ను నేనే పొగుడుకున్నాను.

మూడో నెల నడుస్తుండగా పట్టీ బకిల్ ఊడిందని రేణు ఫోను చేసింది. ఆవిణ్ణి మళ్ళీ తిప్పడం ఎందుకని నేనే వాళ్ళింటికి వెళ్ళాను. పొద్దున పదిగంటల వేళ. గుమ్మం పక్కన స్టాండు మీద నా జోడు ఉంది, పైన తువ్వాలు కప్పి, దుమ్ము పడకుండా. నేను నా చెప్పులు విప్పి లోపలికి వెళ్ళాను.

పైడమ్మగారు ఉత్తి కాళ్ళతో వంటగదిలోంచి వచ్చింది. నీళ్ళిచ్చింది. ఉత్తి కాళ్ళతో పెరట్లోకి వెళ్ళి ఎండలో వడియాలు తిరగేసింది. ఉత్తి కాళ్ళతో దేవుడి గదిలోకి వెళ్ళి దీపం సర్దింది. ఆ గచ్చు మీద, ఆ కంకర మీద, ఆ పుండు మీద.

"ఇంట్లో జోళ్ళు వేసుకోరా?" అన్నాను. 

"అయ్యో, అదేటి బాబూ ఆ మాట! పొయ్యికాడ జోళ్ళేటి, తోలు జోళ్ళు! దేవుడున్నాడా నేడా ఇంట్లో? బయటకెల్తే ఏసుకుంతన్నాను కదా. నువ్వు సేసినవి, పాడవకుండా సూసుకుంతన్నాను."

బయటికి అంటే నెలకోసారి ఆసుపత్రికి. రేణు నొచ్చుకుని, "మైనే బోలా థా అంకుల్, నానమ్మ మానతీ హీ నహీఁ," అంది, తను చెప్పినా నానమ్మ వినడం లేదని.

నేను కిందికి చూసుకున్నాను. ఆ ఇంట్లో నేనూ ఉత్తి కాళ్ళతోనే నిలబడి ఉన్నాను. గుమ్మం దగ్గర చెప్పులు విప్పమని నాకు ఎవరూ చెప్పలేదు. నా ఇంట్లో నేనూ వేసుకోను, మా ఆవిడా వేసుకోదు, మా అమ్మ వంటగదిలో చెప్పుతో అడుగు పెడితే ఆ రోజు ఇల్లు కడిగేది. ఇది తెలియనివాడు ఎవడైనా తప్పు చేస్తే అర్థముంది. తెలిసినవాణ్ణి నేను, పుస్తకంలో ఉన్న దొరల అలవాటు ప్రకారం జోళ్ళు చేసి పంపిస్తూ వచ్చాను. వాళ్ళు ఇంట్లో కూడా బూట్లతోనే తిరుగుతారు. మా మనుషులు పొద్దంతా ఉండేది ఇంట్లో, ఉత్తి కాళ్ళతో.

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

ఆ వారమంతా నేను జోళ్ళు చేసిచ్చినవాళ్ళ ఇళ్ళకు తిరిగాను. భిలాయి-3లో రైల్వేలో చేసి రిటైరైన ఒకాయన ఇంటికి వెళితే, ఆయన మంచం మీద ఉన్నాడు. ఎడమ పాదం లేదు. ఊరెళ్ళినప్పుడు అక్కడే తీసేశారట. ఆయన భార్య నన్ను గుర్తుపట్టి, అలమరలోంచి జత తీసి చూపించింది. "మీరు చేసినవే అన్నయ్యా. ఎంత జాగ్రత్తగా ఉంచామో చూడండి, కొత్తవాటిలాగే ఉన్నాయి," అంది. ఆ ఆడకూతురు నిష్ఠూరంగా అనలేదు. నిజంగానే సంతోషంగా చూపించింది. నేను ఆ జోడు చేతిలోకి తీసుకోలేకపోయాను.

మర్నాడు మళ్ళీ పైడమ్మగారింటికి వెళ్ళాను. రెండో జత చేస్తానన్నాను. తోలు ఉండదు, గుమ్మం దాటదు, కడుక్కోవచ్చు. ఆవిడ ససేమిరా అంది. కాలికేసుకున్నది ఏదైనా జోడే అంది. పుండు తీవ్రత చెప్పాను, వేలు పోతుందని చెప్పాను. "పోతే పోనీ బాబూ, పొయ్యికాడ జోళ్ళేసుకుని అన్నం వొండి ఎవులికి పెట్టమంటావు?" అంది. ఆవిడ మొండితనం కాదు అది. ఆవిడ బతుకంతా ఆ పొయ్యి దగ్గర శుభ్రంగా నిలబడ్డం మీదే ఉంది.

 చివరికి, "మీ పాత నేత చీర ఒకటి ఇవ్వండి. దాంతోనే చేస్తాను, మీ కళ్ళ ముందే చేస్తాను," అన్నాను.

ఆవిడ లేచింది. పెట్టె తీసి ఉతికి మడతపెట్టిన తెల్ల నేత చీర తెచ్చింది. ఆ వరండాలో కూర్చుని కత్తిరించాను. పుండు చోట గుంట తీసిన కొత్త రబ్బరు రేకుకు ఆ గుడ్డే పైనా కిందా వేసి, పట్టీలూ దాంతోనే మడిచి కుట్టాను. ఆవిడ ఎదురుగా కూర్చుని ప్రతి కుట్టూ చూసింది. అయ్యాక చేతిలోకి తీసుకుంది, వాసన చూసింది. లేచి లోపలికెళ్ళి పసుపు తడిపి తెచ్చి, కొత్త బట్టకు పెట్టినట్టు అంచున కాస్త రాసింది.

"ఇది బట్టే," అంది. తనకు తనే చెప్పుకున్నట్టుంది. "దేవుడి గది గడప దాకా ఏసుకుంతాను. లోపల పీటేసుకుని కూకుంతాను, నడవను. అలాగైతే ఒప్పుకుంతాను."

నాకు అన్నేళ్ళ చదువులో దొరకని దారి ఆవిడ రెండు నిమిషాల్లో వేసేసింది. నేను సరేనన్నాను. కాదనడానికి నేనెవణ్ణి?

పిల్లలూ, మీరు ఏం నేర్చుకున్నా నేర్చుకోకపోయినా, కొలత పట్టీ తీసే ముందు ఒకటి అడగండి. పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా ఈ పాదం ఎక్కడెక్కడ నేలకు ఆనుతుంది? వీలైతే ఇంటికెళ్ళి చూడండి. నేను ఇది ఆలస్యంగా అడిగాను, దానికి ఒక మనిషి పాదం ఖరీదైంది.

పైడమ్మగారి పుండు డాక్టరుగారి గడువు ముగిసేసరికి సగం పూడింది. ఆయన ఇంకొక నెల ఇచ్చారు. ఆ నెల చివర కట్టు విప్పితే చర్మం మూసుకుంది. లేత గులాబీ రంగు, పసిపిల్లల చెంప రంగు. నేను పీట మీద కూర్చుని ఉన్నాను, ఆవిడ పాదం నా మోకాలి మీద ఉంది. రోజూ చూసుకోవాలని చెప్పి, చిన్న అద్దం అడుగున పట్టి చూపించాను.

"ఇదేటి, ఇంత నల్లగా ఉంది! నాదేనా?" అని నవ్వింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. అద్దం తన చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, మడమ పగుళ్ళు, వేళ్ళ సందులు, కొత్త చర్మం, అంతా చూసింది. తన పాదం అడుగు ఆవిడ ఎన్నడూ చూడలేదట.

"పలాస టేసన్లో రైలెక్కినప్పుడు నాకు జోళ్ళు నేవు బాబూ," అంది మెల్లగా. "ఉత్తి కాళ్ళతోనే భిలాయిలో దిగినాను. ఇద్దరు పిల్లల్ని సంకనేసుకుని నీళ్ళకి దీనిమీదే ఎల్లినాను. ఇన్నాళ్ళూ మోసింది ఇదేనేటి! ఒక్కసారైనా సూసినాను కాదు."

అద్దం రేణు చేతికిచ్చింది. వంగి, రెండు చేతులతో తన పాదాన్ని తనే ముట్టుకుని, ఆ చేతులు కళ్ళకద్దుకుంది.

నేను ఇక కూర్చోలేకపోయాను. ఆ పాదాన్ని మెల్లగా పక్కనున్న పీట మీదికి దించి, లేచి నిలబడ్డాను.